ఆటపెట్టెకు సుస్తీ చేసింది

"చాచా, దీనికి సుస్తీ చేసింది" అంటూ మా భాయ్‌జాన్ చిన్న కొడుకు తన ఆటపెట్టెను నా ఒళ్ళో పడేశాడు. నాకు నవ్వొచ్చింది. తెలుగులో సుస్తీ అంటే జబ్బు. ఉర్దూలో సుస్త్ అంటే మందకొడి. మన ఇళ్ళలో రెండు భాషలూ ఒకే వాకిట్లో తిరుగుతాయి కదా, వాడు ఏ అర్థంలో అన్నాడో వాడికే తెలీదు. చేతిలో పట్టుకుని ఆడే ఈ పెట్టెల తారీఖ్ చూస్తే మాత్రం ఆ రెండు అర్థాల మధ్య ఫరక్ చాలా పెద్దది. అది తెలియకనే నేనొకసారి భాయ్‌జాన్ దిల్ నొప్పించాను. ఆ కిస్సాకు ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1989లో జపాన్ కంపెనీ నింటెండో గేమ్‌బాయ్ తెచ్చింది. దాని వెనకున్న మనిషి గుంపేయి యొకోయి. 1965లో ఆయన ఆ కంపెనీలో చేరినప్పుడు చేసిన పని, పేకముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం. మిస్త్రీ దిమాగ్ ఆయనది. ఖరీదైన కొత్త సామాను వెంట పడొద్దు, బాగా నలిగి చౌకబడిన సామానుతోనే కొత్త పని చేయించుకుందాం అనేది ఆయన ఉసూల్. అందుకే గేమ్‌బాయ్‌కి రంగుల్లేవు, తెర వెనక దీపం లేదు, ప్రాసెసర్ రఫ్తార్ 4.19 మెగాహెర్ట్జ్. కానీ నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే గంటల తరబడి నడిచేది. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్, మరుసటి ఏడు వచ్చిన సేగా గేమ్ గేర్ రంగులతో ధగధగలాడాయి. ఆరేసి సెల్లులు మింగి కొద్ది గంటల్లోనే చల్లారిపోయాయి. బజార్‌లో నెగ్గింది గేమ్‌బాయే.

అంటే దాని సుస్తీ జబ్బు కాదు, బ్యాటరీతో చేసుకున్న సౌదా. సెకనుకు దాదాపు 60 సార్లు తెర మీద బొమ్మ మారాలి. శత్రువులు, తూటాలు గుంపుగా వచ్చినప్పుడు అంత తక్కువ సమయంలో ప్రాసెసర్ హిసాబ్ పూర్తి చేయలేదు. అప్పుడు ఆట మొత్తం మోకాటి లోతు నీళ్ళలో నడిచినట్టు సాగేది. ఇంకో చిక్కు కూడా ఉంది. తెర మీద ఒక అడ్డ గీతలో పదికి మించి కదిలే బొమ్మలు చూపలేదు. అందుకని ఆటలు రాసేవాళ్ళు ఒకసారి కొన్ని, ఇంకోసారి మిగతావి చూపించేవాళ్ళు. ఆ మినుకుమినుకు చూసి సెల్లులు అయిపోతున్నాయేమో అనుకునేవాళ్ళూ ఉంటారు. ఆట కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కాక దిద్దే తరీఖా లేదు. 1998లో వచ్చిన గేమ్‌బాయ్ కలర్ రఫ్తార్ రెట్టింపు చేసుకోగలిగింది, కానీ ఆ రఫ్తార్ వాడుకునేలా రాసిన కొత్త ఆటలకే. పాత ఆటలు పాత నడకే నడిచాయి.

ఇక మా ఇంటి సంగతి. 2006లో కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న భాయ్‌జాన్ కడపకు సెలవు మీద వస్తూ నాకోసం ఒక పీఎస్పీ తెచ్చాడు. నల్లటి పెట్టె, అద్దంలా మెరిసే తెర. ఆయన ఎన్ని నెలలు ఓవర్‌టైమ్ చేసి కొన్నాడో నేను అడగలేదు. ఆ వయసులో ఎవరడుగుతారు? దాంతోపాటు వచ్చిన మెమరీ కార్డు 32 ఎంబీ. నాకు చాలలేదు. ఆయన తిరిగి వెళ్ళాక ఈదీ డబ్బులు పోగేసి బజార్‌లో సస్తాగా దొరికిన 2 జీబీ కార్డు కొన్నాను. నెల తిరక్కుండానే పెట్టె మొండికేసింది. పాట మధ్యలో ఆగేది, ఆట సేవ్ కావడానికి ఒక చాయ్ తాగేంత సేపు పట్టేది. ఫోన్‌లో భాయ్‌జాన్‌తో అనేశాను, "నీకు నకిలీది అంటగట్టారు భాయ్, డబ్బులు బర్‌బాద్" అని. అటువైపు కాసేపు ఆవాజ్ లేదు. "అచ్ఛా" అన్నాడు, పెట్టేశాడు.

2004 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైన ఈ పీఎస్పీకి సహజంగానే ఒక సుస్తీ ఉంది. ఆటలు యూఎండీ అనే చిన్న డిస్క్ మీద వచ్చేవి. డిస్క్ తిరగాలి, దాని మీది సమాచారం చదవాలి, అప్పుడు ఆట మొదలవ్వాలి. పెట్టెలో పని చేసుకునే మెమరీ 32 ఎంబీ మాత్రమే కాబట్టి మళ్ళీ మళ్ళీ డిస్క్ దగ్గరికే పోవాలి. 2007లో వచ్చిన సన్నటి పీఎస్పీలో దాన్ని 64 ఎంబీ చేశారు. డిస్క్ నుంచి చదివింది కొంత అందులో ముందే దాచుకోవడంతో ఎదురుచూపు తగ్గింది.

దీనికంటే దిల్‌చస్ప్ సంగతి ప్రాసెసర్‌ది. అది 333 మెగాహెర్ట్జ్ దాకా పోగలదు. సోనీ మాత్రం ఆటలకు 222 దగ్గర తాళం వేసింది. రఫ్తార్ పెరిగితే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది మరి. కంపెనీ అనుమతి లేని సొంత ప్రోగ్రాములు రాసుకునే కుర్రాళ్ళు 2005లోనే 333 రుచి చూశారు. తర్వాత వచ్చిన మార్పుచేసిన ఫర్మ్‌వేర్లలో రఫ్తార్ ఎంచుకునే మెనూయే పెట్టారు. ఆ దారిలో ఖత్రా కూడా ఉండేది. ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుండగా మధ్యలో ఆగిపోతే పెట్టె ఇటుకరాయే. కొనని ఆటలు కార్డులో వేసుకుని ఆడే చోరీకీ అదే తలుపు, దాన్ని దాచడం ఎందుకు? చివరికి 2007లో ఫర్మ్‌వేర్ 3.50తో సోనీయే తాళం తీసింది. 2008లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్: చైన్స్ ఆఫ్ ఒలింపస్' ఆ 333ను వాడుకుంది. వెలుగునీడలు మెరుగయ్యాయి, బ్యాటరీ తగ్గిపోయింది. యొకోయి సౌదానే, ఇంకో వైపు నుంచి.

నా పెట్టెకు మందు అక్కడ లేదు. మొబైల్ రిపేరు చేసే ఒక కుర్రాడు "అన్నా, 333 చేసేస్తా, ఎగురుతుంది" అన్నాడు. భయపడి ఇవ్వలేదు. ఒకరోజు ఊరికే విసుగుతో పాత 32 ఎంబీ కార్డు పెట్టి చూశాను. ఆట టక్కున సేవ్ అయింది! 2 జీబీది మళ్ళీ పెడితే మళ్ళీ అదే సుస్తీ. పీఎస్పీలోనే ఫార్మాట్ చేశాను, ఫాయిదా లేదు. నకిలీది నేను కొన్న కార్డు. ఈ మాట భాయ్‌జాన్‌కి ఫోన్ చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ తర్వాతి పెట్టెలూ ఇదే లెక్క తిరగేశాయి. నింటెండో స్విచ్‌లో 2019లో ఒక హికమత్ చేశారు. కొన్ని ఆటల్లో, తెర మీద ఎదురుచూడమనే బొమ్మ ఉన్నంత సేపూ ప్రాసెసర్‌ను 1020 నుంచి 1785 మెగాహెర్ట్జ్‌కు పెంచి, అప్పుడు పెద్దగా పని లేని బొమ్మలు గీసే చిప్‌ను బాగా తగ్గించారు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అయితే ఎన్ని వాట్లు తాగాలో, సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలో ఆడేవాడి చేతికే వదిలింది. తాళంచెవి ఇంటివాడికే ఇచ్చినట్టు. నా లెక్కలో అదే ఇన్సాఫ్.

మా పిల్లాడి పెట్టెకు వస్తే, తాకి చూశాను, ఇస్త్రీపెట్టెలా ఉంది. రజాయి మీద పెట్టి ఆడుతున్నాడు, గాలి పోయే సందులన్నీ మూసుకుపోయాయి. వేడెక్కితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి రఫ్తార్ తగ్గించుకుంటుంది. ఆర్పి, చల్లారనిచ్చి, మెత్తటి బ్రష్‌తో సందుల్లో దుమ్ము దులిపి, గట్టి బల్ల మీద పెట్టి ఆడమన్నాను. పావుగంటలో నడక మామూలైంది.

భాయ్‌జాన్ ఇదంతా దీవాన్ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు ఎందుకో నోరు పెగిలింది, కార్డు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ షాపు వాడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి గొడవ పడ్డాను రా" అన్నాడు. కాసేపాగి, "ఆ చిన్న కార్డు ఉందా ఇంకా?" అని అడిగాడు.

ఉంది. అమ్మీ పాన్‌దాన్‌లో, వక్కల కింద.