వంశపారంపర్య అమైలాయిడోసిస్: మూత్రపిండాల కథ

సరిగా మడత పడని ప్రోటీన్ సన్నని పోగులుగా మారి అవయవాల్లో పేరుకుంటే అది అమైలాయిడోసిస్. జన్యులోపం వల్ల తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తే వంశపారంపర్య అమైలాయిడోసిస్. మూత్రపిండాల వడపోత కేశనాళికల్లో పోగులు చేరితే ముందు మూత్రంలో నురగ, ఆపై కాళ్లవాపు, ముదిరితే డయాలసిస్.

అమైలాయిడ్ అన్న పేరే ఒక పొరపాటు. అయోడిన్ తగిలి రంగు మారడం చూసి 1854లో విర్కో దీన్ని పిండిపదార్థం వంటిదనుకున్నాడు. 1859లో ఫ్రీడ్రిక్, కెకూలే అది ప్రోటీన్ అని తేల్చినా పాత పేరే నిలిచింది.

గుర్తుపట్టే రంగు మాత్రం బట్టల పరిశ్రమ నుంచి వచ్చింది. నూలుకు రంగు పట్టాలంటే కరక్కాయో పటికో కావాలని గద్వాల వంటి నేత ఊళ్లలో చెప్పనక్కర్లేదు. అవేవీ లేకుండా నూలును పట్టే కాంగో రెడ్ 1880వ దశకంలో జర్మనీలో పుట్టింది. 1922లో బెన్‌హోల్డ్ దాన్ని అమైలాయిడ్‌కు వాడాడు. ధ్రువీకృత కాంతిలో ఆ మచ్చలు పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తాయి. నేటికీ బయాప్సీలో మొదటి ఆధారం ఇదే.

కుటుంబాల్లో కిడ్నీ అమైలాయిడ్‌ను 1932లో ఆస్టర్‌టాగ్ వర్ణించాడు. 1952లో ఆండ్రాడే ఉత్తర పోర్చుగల్ కుటుంబాల్లో అమైలాయిడ్ వల్ల వచ్చే నరాల జబ్బును గుర్తించాడు. దానికి మూలం ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ అని 1978లో తెలిసింది. అక్కడి రోగుల్లో సుమారు మూడోవంతు మందికి కిడ్నీలూ దెబ్బతింటాయి. కొందరిలో నరాల కన్నా ముందే! 1993లో లైసోజైమ్, ఫైబ్రినోజెన్ ప్రోటీన్ల జన్యులోపాలు కూడా ఈ కారణాల జాబితాలో చేరాయి.

మచ్చ ఒకటే, మూలాలు వేరు. రకాన్ని తప్పుగా గుర్తిస్తే అనవసరంగా కీమోథెరపీ ఇచ్చే ప్రమాదం ఉంది. 2002లో లండన్‌లో, కీమోథెరపీ ఇచ్చే వేరే రకమని భావించిన 350 మందిని పరీక్షిస్తే 34 మందికి జన్యులోపం బయటపడింది.

ఉమ్మడి పాలమూరు నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో మూత్రంలో ప్రోటీన్ పోతుంటే వైద్యులు ముందు షుగర్, బీపీలనే అనుమానిస్తారు. సబబే. దేశంలో కిడ్నీ అమైలాయిడ్‌కు చాలాకాలం ప్రధాన కారణం క్షయ. అయితే ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అన్న ప్రశ్న మానరాదు. ట్రాన్స్‌థైరెటిన్ రకానికి మేనరికంతో పనిలేదు; తల్లిదండ్రుల్లో ఒక్కరి లోపం చాలు. కిడ్నీల్లో అమైలాయిడ్‌కు దారితీసే మధ్యధరా ప్రాంతపు వంశపారంపర్య జ్వరంలో మాత్రం లోపం సాధారణంగా ఇద్దరి నుంచీ రావాలి.

ఆ జ్వరం కిడ్నీలను ముంచకుండా ఆపే మందు కాల్చిసిన్. దాని ప్రయోజనాన్ని 1972లో గోల్డ్‌ఫింగర్ వెల్లడించాడు. ఆ పదార్థం నల్లమలలో మంటల్లా పూసే అడవినాభిలోనూ ఉంది. దుంప తింటే ప్రాణమే పోతుంది. తూకం తప్పని మాత్రగా, కిడ్నీల పనితీరు చూసి వైద్యులే ఇవ్వాలి. ట్రాన్స్‌థైరెటిన్ రకానికి 1990లో స్వీడన్‌లో కాలేయ మార్పిడి చేశారు, ఆ ప్రోటీన్ ఎక్కువగా కాలేయంలోనే తయారవుతుంది కనుక. 2018లో దాని తయారీనే అణచే పాటిసిరాన్‌కు అమెరికా అనుమతి దొరికింది.