కారులో చల్లగాలి: గ్యాసు మారిన చరిత్ర

పదవీ విరమణ సమయంలో చేతికి వచ్చిన సొమ్ముతో కారు కొనుక్కున్నవారు మన సభ్యులలో కొందరున్నారు. ఆ కార్లకు ఇప్పుడు ఇరవై, ముప్పై ఏళ్ళు నిండాయి. ఇంజను బాగానే నడుస్తుంది, పిల్లలు అమ్మేయమన్నా మనసొప్పదు. కాని ఎండలు ముదిరేసరికి ఒక సమస్య వచ్చిపడుతుంది. ఎ.సి. చల్లబరచదు. మెకానిక్కు "గ్యాసు అయిపోయింది సార్" అంటాడు, నింపుతాడు. మరుసటి వేసవికి మళ్ళీ అదే మాట. ఇంతకీ ఈ గ్యాసు ఏమిటి, ఎందుకు "అయిపోతుంది" అన్నది తెలియాలంటే దాని చరిత్ర కొంత తెలుసుకోవాలి.

తొలి ప్రయత్నాలు

కారుకు ఫ్యాక్టరీలోనే ఎ.సి. అమర్చి అమ్మిన తొలి సంస్థ అమెరికాలోని ప్యాకార్డ్. 1939 నవంబరులో చికాగో ప్రదర్శనలో ఆ కారును చూపించారు. ఎ.సి.కి అదనంగా 274 డాలర్లు. చల్లబరచే కాయిల్ వెనుక డిక్కీలో ఉండేది. కంప్రెసరుకు క్లచ్ లేదు. చల్లదనం వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయవలసిందే! ఆ ఏర్పాటు కొద్ది ఏళ్ళకే మూలపడింది. 1954లో నాష్ సంస్థ భాగాలన్నిటినీ కారు ముందు వైపునే ఇమిడ్చింది. ఇప్పటి కార్లలో ఉన్నది దాదాపు ఆ అమరికే.

మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు ఎ.సి. కావాలంటే డాష్‌బోర్డు క్రింద విడిగా ఒక పెట్టె బిగించుకొనేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఎ.సి. కారు మధ్యతరగతివారి ఆశలకు అందుబాటులోకి వచ్చింది.

మంచి గ్యాసు అనుకున్నది

తొలినాటి రిఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. ఇవి లీకయితే ప్రాణాలకే ముప్పు. 1928లో జనరల్ మోటార్స్ తరఫున పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ, ఆయన సహచరులు విషం కాని, మండని గ్యాసును కనుగొన్నారు. అదే ఫ్రియాన్, అనగా ఆర్-12. 1930లో మిడ్జ్‌లీ రసాయన శాస్త్రవేత్తల సభలో ఆ గ్యాసును గుండెలనిండా పీల్చి, దానితోనే వెలుగుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పి చూపించాడు. పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టినదీ ఈయనే. రెండూ ఆ రోజులలో వరాలుగానే తోచాయి.

1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు సి.ఎఫ్.సి. జాతికి చెందిన ఈ గ్యాసులు పై వాతావరణానికి చేరి, అక్కడ క్లోరిన్‌ను విడుదల చేసి ఓజోన్ పొరను తినివేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ బాగా తరిగిపోతున్నట్లు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. మొలీనా, రోలండ్‌లకు, క్రుట్జెన్‌తో కలిపి, 1995లో నోబెల్ బహుమతి లభించింది.

అభివృద్ధి చెందిన దేశాలు 1995 చివరికి సి.ఎఫ్.సి.ల తయారీని దాదాపుగా ఆపివేశాయి. మన దేశంలో 2000 సంవత్సరపు నిబంధనల వల్ల 2003 నుండి ఈ గ్యాసులతో కొత్త ఎ.సి.ల తయారీ ఆగింది. 2008లో, ఉబ్బస రోగుల ఇన్‌హేలర్ల అవసరం మినహా, సి.ఎఫ్.సి.ల ఉత్పత్తే నిలిచిపోయింది. కార్లలో ఆర్-12 స్థానంలోకి ఆర్-134ఎ వచ్చింది. దీనిలో క్లోరిన్ లేదు గనుక ఓజోన్‌కు హాని లేదు. అయితే భూమిని వేడెక్కించే గుణం బొగ్గుపులుసు వాయువుకన్నా వెయ్యి రెట్లకు పైగా ఉన్నది. అందుకే 2016 నాటి కిగాలీ సవరణ దీనినీ క్రమంగా తగ్గించమన్నది. మన దేశం 2021లో ఆ సవరణను ఆమోదించింది.

పాత కారుకు పనికివచ్చే సంగతులు

పెట్రోలువలె గ్యాసు ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాసు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఏళ్ళ తరబడిలో రబ్బరు గొట్టాల గుండా స్వల్పంగా పోవచ్చును గాని, ప్రతి వేసవికీ నింపవలసి వస్తున్నదంటే లీకు ఉన్నట్లే. జాయింట్ల వద్ద జిడ్డు మరకలు కనిపిస్తే అది మొదటి ఆనవాలు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నీటితోనో, లీకు పట్టే పరికరంతోనో చూడమని అడగాలి. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేయాలి. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు వద్ద మంచుగా గడ్డకడుతుంది, ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. గ్యాసును తూకం వేసి, బానెట్ క్రింది చీటీలో ఉన్నంతే నింపాలి.

ఆర్-12 కాలపు కారయితే ఊరకే కొత్త గ్యాసు నింపితే సరిపోదు. పాత మినరల్ ఆయిల్ ఆర్-134ఎతో కలవదు, కంప్రెసరుకు తిరిగి చేరదు. కాబట్టి పాత ఆయిల్‌ను వీలైనంత తీసి తగిన ఆయిల్ పోయాలి; డ్రయ్యర్‌ను, ఓ-రింగులను మార్చాలి. కొత్త గ్యాసు పాతదానికన్నా తక్కువ తూకంలో పడుతుంది. ట్రాఫిక్కులో చల్లదనం కాస్త తగ్గవచ్చు. చవక అని వంటగ్యాసు ఎక్కించేవారి జోలికి మాత్రం పోవద్దు. అది మండుతుంది.

మనవంటివారి కారు షెడ్డులోనే ఎక్కువగా ఉంటుంది. చలికాలమైనా సరే, వారానికొకసారి పది నిమిషాలు ఎ.సి. నడపాలి. అప్పుడే కంప్రెసరు సీలుకు ఆయిల్ అందుతుంది, ఎండిపోయి లీకు కాదు. రేడియేటరు ముందున్న కండెన్సరు రెక్కలలోని దుమ్మును నీటితో మెల్లగా కడిగించాలి.

ఆర్-12 గాలిలో చేరితే సుమారు నూరేళ్ళు నిలుస్తుంది. అయినా దేశాలన్నీ ఒక్క మాటపై నిలిచినందున, అంటార్కిటికాపై ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రవేత్తల అంచనా. మనుమల కాలానికి ఫలించే పని అది. ఈ వేసవిలో మెకానిక్కు "గ్యాసు అయిపోయింది" అంటే, "ఎక్కడ కారుతున్నదో ముందు చూడు బాబూ" అనండి. పింఛను డబ్బూ మిగులుతుంది, ఆ పనికి మనవంతు సాయమూ అవుతుంది.