గడ్డకట్టించిన భోజనం వెనుక ఉన్న చరిత్ర

ఆదివారం నాడు రెండు మూడు కూరలు, పప్పు, పులుసు వండి, డబ్బాలలో సర్ది ఫ్రీజరులో పెట్టుకుని, వారమంతా వేడి చేసుకుని తినే ఇళ్ళు ఇప్పుడు మన నగరాలలో అనేకం ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే కుటుంబాలలో ఇది దాదాపు తప్పనిసరి అయింది. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళిన తల్లులు తిరుగు ప్రయాణానికి ముందు రోజుల తరబడి వండి, అక్కడి ఫ్రీజరు నింపి మరీ విమానం ఎక్కుతారు. అయినా మన పెద్దవారిలో చాలామందికి ఈ పద్ధతి అంటే చిన్నచూపే. "చద్ది తిండి" అనీ, "ఫ్రిజ్‌లో పెట్టినదంతా విషమే" అనీ కోడళ్ళను, కూతుళ్ళను నొప్పిస్తూ ఉంటారు. వాట్సాప్‌లో తిరిగే సందేశాలు ఈ అభిప్రాయానికి ఆజ్యం పోస్తున్నాయి. యువతరానిది మరొక ధోరణి. ఫ్రీజరులో పెడితే చాలు, ఇక ఏదీ చెడిపోదని వారి ధీమా. ఈ రెండు అభిప్రాయాలూ పొరపాటే. ఎందుకో తెలియాలంటే, ఆహారాన్ని కాపాడుకోవడానికి మనిషి చలిని వాడుకోవడం ఎలా నేర్చుకున్నాడో కొంత తెలుసుకోవాలి.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద, నేటి పెరూ, బొలీవియా ప్రాంతాలలో, ఇంకా సామ్రాజ్యం ఏర్పడక ముందునుంచే ఒక పద్ధతి ఉంది. కోసిన బంగాళాదుంపలను రాత్రిపూట మంచులో పరుస్తారు. అవి గడ్డకడతాయి. పగటి ఎండకు కరిగిన తరువాత కాళ్ళతో తొక్కి వాటిలోని నీటిని పిండేస్తారు. ఇలా కొన్ని రోజులు చేసి ఎండబెడితే తయారయ్యే పదార్థాన్ని "చున్యో" అంటారు. అది సంవత్సరాల తరబడి నిలువ ఉంటుంది. గమనించండి, ఇక్కడ దుంపను కాపాడుతున్నది చలి ఒక్కటే కాదు. చలి నీటిని బయటికి రప్పిస్తుంది, ఆ తరువాతి పని ఎండది.

మన దేశంలో చలి చాలాకాలం విలాసవస్తువుగానే మిగిలిపోయింది. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీటిలో తాగునీటి పాత్రలను ఉంచి చల్లబరచేవారని, లాహోరులో ఉన్న కాలంలో ఉత్తరపు కొండల నుంచి మంచు తెప్పించుకునేవారని అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వ్రాశాడు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి పంపిన మంచుగడ్డల ఓడ కలకత్తాకు చేరింది. మద్రాసు సముద్రతీరంలో ఆ మంచును దాచడానికి 1842లో కట్టిన భవనమే ఐస్ హౌస్. చెన్నైలో చదువుకున్న మన తెలుగువారిలో చాలామంది దాని ముందునుంచి నడిచినవారే. అయితే ఆ మంచు దొరల గ్లాసులలోకి, జ్వరంతో ఉన్న రోగుల నుదుటి మీదకి వెళ్ళిందే తప్ప సామాన్యుడి వంటింటికి రాలేదు.

మన వంటింటి దారి వేరు. వడియాలు, ఒరుగులు, ఊరగాయలు, ఉప్పు చేపలు అన్నిటిలోనూ ఉన్న కిటుకు ఒక్కటే. నీరు తీసివేయడమో, ఉప్పు, పులుపు, నూనెలతో సూక్ష్మజీవులకు బ్రతుకు లేకుండా చేయడమో మన పూర్వులు చేశారు. చద్దన్నం కూడా అలాంటిదే. రాత్రి నీరు పోసి ఉంచిన అన్నం పులిసి, ఆ పులుపే చెడ్డ క్రిములను కొంతవరకు అదుపులో ఉంచుతుంది. కానీ వండిన ముద్దపప్పుకు, వంకాయ కూరకు ఈ రక్షణ ఏదీ లేదు. వాటిలో నీరు పుష్కలం, పోషకాలు పుష్కలం. కనుక పూటకు పూట వండుకోవడం మినహా మన అమ్మమ్మలకు మరో మార్గం లేకపోయింది. ఆ పద్ధతిని శాస్త్రవిహితమైన ఆచారంగా నేడు కీర్తించేవారు, దాని కోసం పొయ్యి ముందు ఎవరి జీవితకాలం ఖర్చయిందో కూడా లెక్కించాలని నా మనవి.

ఇక అసలు మార్పు దగ్గరకు వద్దాం. పందొమ్మిదవ శతాబ్దం చివరికి చలిని పుట్టించే యంత్రాలు వచ్చాయి. 1882లో డునెడిన్ అనే ఓడ న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టించిన మాంసాన్ని లండన్‌కు చేర్చింది. కానీ ఆ రోజులలో ఆహారాన్ని నెమ్మదిగా గడ్డకట్టించేవారు. కరిగిన తరువాత అది మెత్తబడి, నీరు కారి, రుచి కోల్పోయేది. దానితో గడ్డకట్టించిన ఆహారం నాసిరకం సరుకన్న పేరు స్థిరపడింది.

ఆ పేరును మార్చినవాడు క్లారెన్స్ బర్డ్స్ ఐ అనే అమెరికన్. ఇతడు 1912లో నక్కతోళ్ళ వ్యాపారం కోసం కెనడా ఈశాన్యంలోని లాబ్రడార్‌కు వెళ్ళాడు. తరువాత భార్యను, పసిబిడ్డను కూడా అక్కడికే తీసుకువెళ్ళాడు. ఏడాదిలో అధికభాగం మంచుతో నిండి ఉండే ఆ చోట బిడ్డ తల్లికి తాజా ఆహారం పెట్టడం ఎలా అన్నది అతడికి నిత్యసమస్య. మంచులో చేసిన కన్నంలోనుంచి స్థానికులైన ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప, గడ్డకట్టించే గాలి తగలగానే క్షణాలలో రాయిలా మారడం అతడు చూశాడు. నెలల తరువాత వండినా అది తాజా చేపలాగానే ఉండేది. మరొక విషయం కూడా అతడి దృష్టిలో పడింది. నడి శీతాకాలంలో గడ్డకట్టిన మాంసం బాగుండేది, వసంతం దగ్గరపడినప్పుడు గడ్డకట్టినది బాగుండేది కాదు. రెండూ గడ్డకట్టినవే. తేడా వేగంలో ఉంది.

దీని కారణం మనకిప్పుడు స్పష్టంగా తెలుసు. నీరు నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరిగి ఆహారంలోని కణాల గోడలను చీలుస్తాయి. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు అతి చిన్నవిగా ఏర్పడి, కణాలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. బర్డ్స్ ఐ అమెరికాకు తిరిగివచ్చి, ఆహారాన్ని పలుచని పొట్లాలుగా కట్టి, అతిశీతలమైన లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రాన్ని రూపొందించాడు. 1930 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 18 దుకాణాలలో ఆ సరుకును తొలిసారి అమ్మకానికి పెట్టారు.

బర్డ్స్ ఐ పేరు చాలామంది విన్నారు. మేరీ పెన్నింగ్టన్ పేరు విన్నవారు తక్కువ. వైద్యుడిగా నేను ఆమెకే పెద్దపీట వేస్తాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1892లో చదువు పూర్తిచేసినా, స్త్రీ కావడం వల్ల ఆమెకు పట్టా ఇవ్వక ఒక ధ్రువపత్రంతో సరిపెట్టారు. 1895లో అక్కడే ఆమె డాక్టరేట్ సాధించింది. ఫిలడెల్ఫియా నగరంలో పిల్లలకు ఐస్‌క్రీమ్ అమ్మే వీధి వ్యాపారులను ఆమె దండించలేదు. వారి పాత్రలలోని క్రిములను సూక్ష్మదర్శినిలో వారికే చూపించింది. పాత్రలు మరిగించి కడగడం వారంతట వారే మొదలుపెట్టారు. ఆరోగ్య ప్రచారం ఎలా చేయాలో మా శాఖలవారు నేర్చుకోదగిన పాఠం ఇది. తరువాత అమెరికా ప్రభుత్వ ఆహార పరిశోధనశాలకు అధిపతి అయి, చలిపెట్టెలు ఉన్న రైళ్ళలో స్వయంగా ప్రయాణించి, కోళ్ళు, గుడ్లు, చేపలు బయలుదేరిన చోటునుంచి తినేవారి ఇంటివరకు ఒకే చల్లదనంలో ఉండాలని ఆమె నిరూపించింది. మధ్యలో ఒక్కచోట చల్లదనం తప్పినా ముందు పడిన శ్రమంతా వృథా. నేడు మనం టీకాల విషయంలో చెప్పుకునే "కోల్డ్ చైన్" వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం.

రెండవ ప్రపంచయుద్ధంలో తగరం కొరత వల్ల డబ్బా ఆహారానికి కటకట ఏర్పడి, గడ్డకట్టించిన కూరగాయలకు అమెరికాలో గిరాకీ పెరిగింది. యుద్ధానంతరం ఇళ్ళలోకి ఫ్రీజర్లు వచ్చాయి. 1953-54లో స్వాన్సన్ కంపెనీ అరలు అరలుగా ఉన్న అల్యూమినియం పళ్ళెంలో పూర్తి భోజనాన్ని "టీవీ డిన్నర్" పేరుతో అమ్మింది. ఆ భోజనంలోని అధిక ఉప్పు గురించి వైద్యులు చేసిన విమర్శ న్యాయమైనదే. కానీ ఆ విమర్శ కంపెనీ వంటకు చెందినదే గాని, చలికి చెందినది కాదు. ఇంట్లో మనం వండి గడ్డకట్టించిన పప్పులో ఉప్పు ఎంతో మన చేతిలోనే ఉంది.

మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1958లో ఫ్రిజ్ తయారీ మొదలుపెట్టింది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న గది ప్రధానంగా ఐసు ముక్కల కోసం ఉద్దేశించినది. అది చాలాసార్లు మైనస్ 18 డిగ్రీలకు చేరదు. నెలల తరబడి ఆహారం నిలువ ఉంచడానికి ఆ మైనస్ 18 డిగ్రీలు అవసరం. పెట్టె మన ఇంటికి వచ్చింది గాని, బర్డ్స్ ఐ చెప్పిన వేగం, పెన్నింగ్టన్ చెప్పిన నిలకడ దానితో పాటు రాలేదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఫ్రీజరు చలి సూక్ష్మజీవులలో చాలావాటిని చంపదు, వాటి పెరుగుదలను ఆపుతుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఆహారం ఏ స్థితిలో ఉంటే, బయటికి వచ్చేటప్పుడు దాదాపు ఆ స్థితిలోనే ఉంటుంది. కనుక ప్రమాదమంతా ఫ్రీజరులో పెట్టక ముందు, తీసిన తరువాత గడిచే గంటలలో ఉంది. 1970ల తొలినాళ్ళలో బ్రిటన్‌లోని చైనా భోజనశాలలలో వేపుడు అన్నం తిన్నవారికి వాంతులు కావడానికి కారణం బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా అని తేలింది. అన్నం పెద్దమొత్తంలో వండి, రాత్రంతా బయట ఉంచి, మరునాడు వేయించేవారు. ఉడికినా చావని దాని బీజాలు ఆ రాత్రి మొలకెత్తి విషాన్ని పుట్టించేవి. ఆ విషం వేయించినా పోదు, గడ్డకట్టించినా పోదు. నా ప్రభుత్వోద్యోగ కాలంలో పెళ్ళిళ్ళ రోజులలో వాంతులు, విరేచనాలతో వచ్చిన రోగులను అడిగితే, మిగిలిన బిర్యానీ మరునాడు తిన్నామన్న జవాబు తరచుగా వినేవాడిని. పెద్ద గుండిగ మధ్యభాగం గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. మాంసాహారంలో పెరిగే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే క్రిమికి ఆ వెచ్చదనం పండుగ. అనుకూలంగా ఉంటే అది సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది.

కాబట్టి వండిన పదార్థాన్ని వెడల్పాటి పళ్ళేలలో పలుచగా పరచి చల్లార్చి, రెండు గంటలలోపు, మన వేసవిలో గంటలోపే, ఒక పూటకు సరిపడే చిన్న, లోతు తక్కువ డబ్బాలలో సర్ది ఫ్రీజరులో పెట్టండి. పలుచని డబ్బా త్వరగా గడ్డకడుతుంది. బర్డ్స్ ఐ పలుచని పొట్లాల కిటుకు మన ఇంట్లో ఈ రూపంలో అమలవుతుంది. మూత మీద వంటకం పేరు, తేదీ వ్రాయండి. ముందురోజు రాత్రే కింది అరలోకి మార్చి కరిగించండి, గట్టు మీద వదిలివేయకండి. తినేముందు పొగలు వచ్చేదాకా, మధ్యలో కలుపుతూ వేడి చేయండి. మైక్రోవేవ్ అంచులను కాల్చి మధ్యను చల్లగా వదులుతుంది. ఒకసారి కరిగించి వేడి చేసినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు.

పప్పు, సాంబారు, రాజ్మా, ఇడ్లీలు ఫ్రీజరులో చక్కగా నిలుస్తాయి. పెరుగు విరిగినట్లవుతుంది, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది. బంగాళాదుంప కుర్మా కరిగిన తరువాత దుంప నీరు వదిలి స్పాంజిలా తయారవుతుంది. ఆండీస్ వాసులు పనిగట్టుకుని రప్పించింది ఆ నీటినే. అది జబ్బు చేయదు, కుర్మాకు మాత్రం పనికిరాదు.

చివరగా కరెంటు కోత మాట. నిండుగా ఉన్న మంచి ఫ్రీజరు తలుపు తెరవకుండా ఉంచితే సుమారు 48 గంటలు, సగమే నిండినది సుమారు 24 గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్ పైగదిపై అంత నమ్మకం పెట్టుకోకండి. ఊరు వెళ్ళేముందు ఒక చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, ఆ గడ్డ మీద ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజరులోనే ఉంచండి. తిరిగి వచ్చేసరికి నాణెం పైనే ఉంటే ఇబ్బంది లేదు. అడుగుకు చేరి, పైన మళ్ళీ మంచు కట్టి ఉంటే, మీరు లేనప్పుడు అన్నీ కరిగి తిరిగి గడ్డకట్టాయని అర్థం. చూడడానికి ఎంత బాగున్నా ఆ డబ్బాలను పారవేయండి.