కొలరాడో మచ్చ, కనిగిరి మచ్చ

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు. ఎంత తోమినా పోవు. ఊళ్ళో అడిగితే తలా ఒక కారణం చెప్పారు. పందిమాంసం ఎక్కువ తినడమని కొందరు, పాలు మంచివి కావని కొందరు. మెకే ముప్ఫై ఏళ్ళపాటు ఆ మచ్చల్ని వదల్లేదు. మచ్చలున్న పళ్ళు పెద్దగా పుచ్చిపోవని కూడా గమనించాడు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరివాళ్ళు ఒక మాట చెప్పారు: దూరంగా ఉన్న వేడినీటి ఊటనుంచి గొట్టాలు వేసుకున్నాకే పిల్లలకి ఈ మచ్చలు మొదలయ్యాయని. ఆ నీళ్ళు మానెయ్యమన్నాడు మెకే. మానేశారు. తరవాత వచ్చిన పళ్ళు శుభ్రంగా వచ్చాయి. నీళ్ళలో ఏముందో మాత్రం 1931 దాకా తెలియలేదు. ఆర్కాన్సాలోని బాక్సైట్ అప్పట్లో అల్యూమినియం కంపెనీవారి ఊరు. అక్కడా ఇవే మచ్చలు. అల్యూమినియం గిన్నెలు విషమని అప్పటికే పుకార్లు. నింద కంపెనీమీదికి వస్తుందన్న భయంతో వారి రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ ఆ నీళ్ళు పరీక్షించాడు. ఫ్లోరైడ్ బయటపడింది. నిజం బయటికి రావడానికి భయం కూడా పనికొస్తుందన్నమాట!

సరిగ్గా ఆరేళ్ళకి, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు ఇదే జబ్బుని మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లావే, తరవాత అవి ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. అక్కడి కథ పళ్ళతో ఆగలేదు, ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగిపోయాయి. నల్లగొండ సంగతి మీకు తెలిసిందే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ శాస్త్రజ్ఞులు 1970లలో తయారుచేస్తే, ప్రపంచమంతా దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. ఒక ఊరికి రాకూడని కీర్తి.

మా అమ్మమ్మగారి వైపు పెళ్ళి ఫొటోలు తిరగేస్తే, పళ్ళు కనబడేట్టు నవ్వినవాళ్ళు ఒక్కరూ లేరు. సిగ్గరులని పేరు. సిగ్గు కాదు, నీళ్ళు.

ఈ మచ్చ పంటిమీద పట్టిన పాచి కాదు. ఎనిమిదేళ్ళలోపు, చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడే పింగాణీ పొరలో పడే లోపం. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పెట్టి రుద్దితే అరిగేది పొరే. నిమ్మరసంలో సోడాపొడి కలిపి రాసుకునే చిట్కా ఇంకా ప్రమాదం: నిమ్మపులుపు పింగాణీని మెత్తబరుస్తుంది, రుద్దుడు దాన్ని ఎత్తుకుపోతుంది. పోయిన పొర మళ్ళీ మొలవదు. ఇప్పుడు ఇక్కడి దుకాణాల్లో అందమైన డబ్బాల్లో బొగ్గు మళ్ళీ వచ్చింది. మా తాతగారు చూస్తే నవ్వేవారు. దానివల్ల మేలని గానీ, అది సురక్షితమని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

పెరాక్సైడ్ కథ కూడా ఆర్కాన్సాలోనే మొదలవడం చిత్రం. 1960ల చివర్లో ఫోర్ట్ స్మిత్‌లో ఒక దంతవైద్యుడు చిగుళ్ళ వాపుకి పెరాక్సైడ్ మందు పెట్టించి చూస్తే, పళ్ళు తెల్లబడ్డాయి. 1989లో హేవుడ్, హేమన్ ఆ పద్ధతిని శాస్త్రీయంగా ప్రచురించారు. 2001కల్లా అతికించుకునే పట్టీలు అంగళ్ళలోకి వచ్చాయి. ఐరోపాలో 0.1 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని దంతవైద్యుడి ద్వారానే, అదీ 6 శాతం వరకే, పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే ఇవ్వాలని 2011లో నిబంధన తెచ్చారు. అమెరికాలో పట్టీలు ఎవరైనా కొనుక్కోవచ్చు.

టీ, కాఫీ రంగుకి పెరాక్సైడ్ పనిచేస్తుంది. పళ్ళు జివ్వుమంటాయి, చిగుళ్ళు మండుతాయి. చాలామందికి అది కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పుచ్చిన పన్నుకి తగిలితే మాత్రం నొప్పి మామూలుగా ఉండదు. కట్టించుకున్న పళ్ళు, నింపించుకున్న చోట్లు రంగు మారవు. ఫ్లోరైడ్ మచ్చలున్నవాళ్ళకి ఇంకో చిక్కు: సుద్దలాంటి తెల్లమచ్చలు మరీ కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. అలాంటివాటికి పైపొరని కొద్దిగా, కొలతగా తీసే పద్ధతి దంతవైద్యుల దగ్గర ఉంది. అందుకని పళ్ళు తెల్లబరచుకోదలిస్తే, పుట్టి పెరిగిన ఊరూ అక్కడ తాగిన నీళ్ళూ డాక్టరుకి చెప్పండి. కనిగిరి పేరు ఆయన విని ఉండడు. కొలరాడో బ్రౌన్ స్టెయిన్ అంటే అర్థమవుతుంది.

ఫ్లోరైడ్ తగు మోతాదులో మేలని 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నీళ్ళలో కలపడం మొదలుపెట్టారు. ఆ వాదం 2025లో యూటా నిషేధం దాకా వచ్చింది, అది వేరే కథ. మన ఇళ్ళల్లో చూసుకోవలసింది చిన్నపిల్లల పేస్టు. తియ్యగా ఉంటుందని మింగేస్తారు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్ళదాకా బఠాణీగింజంత చాలని 2014 నుంచి ఇక్కడి దంతవైద్యుల సంఘం చెబుతోంది. పేస్టు ప్రకటనల్లో బ్రష్షు నిండా వేసి చూపించేది పెద్దవాళ్ళకి కూడా ఎక్కువే.