తోలుపడవ కుట్టుపని

తుంగభద్రా తీరవాసులకు పుట్టిని గూర్చి వేరుగ చెప్పవలసిన పనిలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది రేవున జనులు గంపలవలె గుండ్రనైన పడవలలో ఏటిని దాటుచుండిరనియు, వానికి లోపల బెత్తపు అల్లికయు వెలుపల తోలును ఉండెననియు, పదునైదు ఇరువదిమంది వానిలో ఎక్కుచుండిరనియు వ్రాసెను. కావున తోలుతో నీటిని అడ్డగించు ఉపాయము మనకు క్రొత్తది కాదు. అయితే మన పుట్టికి ఆవలియొడ్డు కంటికి కనబడుచునే యుండును. భూగోళపు ఉత్తరపు కొనయందు, మంచుగడ్డలు తేలియాడు సముద్రముమీద, ఇదే ఉపాయమును నమ్ముకొని బ్రతికిన జనుల వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

గ్రీన్లాండు నివాసులైన ఇన్యూయిట్ జనులకు పడవకు తగిన చెట్టు లేదు. సముద్రము ఎచ్చటినుండియో కొట్టుకొనివచ్చి ఒడ్డున వేసిన దుంగలే వారికి కలప. వేటగాడు తన బారతోను జేనతోను కొలుచుకొని, ఆ కలపతో సన్నని పొడవైన చట్రము కట్టును. కీళ్లను తోలుత్రాళ్లతో బిగించును; అందుచే అల తాకినప్పుడు అది విరుగక వంగును. ఈ పడవకు కయాకని పేరు. దాని పైభాగము కూడ మూయబడి, నడుమ మనిషి నడుము దూరునంత రంధ్రము మాత్రముండును.

చట్రము మగవాని పని. దానికి చర్మము తొడుగుట ఆడువారి పని. పడవను గూర్చి వ్రాసినవారు వేటగాని సాహసమును వర్ణించుటలో పుటలు నింపిరి. నాకు మాత్రము ఆ సూదియే ఎక్కువ విచిత్రముగ తోచుచున్నది.

సీలు అను సముద్రజంతువు చర్మమును గీకి, తడిగానుంచి, చట్రముమీద లాగి కప్పుదురు. ఎండకమునుపే కుట్టు ముగియవలెను గనుక పలువురు స్త్రీలు కూడి కూర్చుందురు. డప్పు మూయువారు తడితోలునే ఏల బిగింతురో ఎరిగినవారికి ఇందలి కారణము చెప్పనక్కరలేదు. రెండు తోళ్ల అంచులను ఒకదానిమీద నొకటి చేర్చి, సూదిని ఒక తోలులోనుండి పూర్తిగ పోనిచ్చి, రెండవదానిలో సగము మందమునకే ఆపి వెనుకకు త్రిప్పుదురు. పిమ్మట రెండవవైపునుండి మరల అట్లే ఒక వరుస కుట్టుదురు. ఈ విధముగ ఏ రంధ్రమును రెండు తోళ్లను దాటిపోదు. దారము మృగముల నరములతో చేసినది. తడిసినకొలది ఉబ్బి రంధ్రమును తానే మూయును. ఆపై కుట్టుమీద కొవ్వు రాయుదురు.

ఆ నీటిలో పడినవాడు ఎంతోసేపు బ్రతుకడు. చట్రమును వేటగాడు తానే కట్టుకొనెను గనుక దాని బలము తానెరుగును. కుట్టు విషయమున భార్యయొక్కయు తల్లియొక్కయు చేతిని నమ్మి పోవలసినదే. అతడు ధరించు చొక్కాయియు వారు కుట్టినదే. దాని అంచును పడవ రంధ్రమునకు బిగించుకొనినచో, పడవ తలక్రిందులైనను నీరు లోపలికి రాదు. తెడ్డుతో మరల లేవవచ్చును.

అలాస్కాకు పడమట అల్యూషియన్ దీవులున్నవి. అచ్చటి జనులును ఇట్టి పడవలలో ఆరితేరినవారు. 1741లో బేరింగు నౌకాయాత్ర జరిగిన పిమ్మట రష్యా వర్తకులు సముద్రపు నీటిపిల్లుల బొచ్చుతోళ్లకై ఆ దీవులమీద పడిరి. స్త్రీలను బిడ్డలను తాకట్టుగ పట్టుకొని, పురుషులను వారి పడవలలోనే వేటకు తరిమిరి. రోగములచేతను హింసచేతను ఆ జాతి మిక్కిలి క్షీణించెను. తమ ప్రాణరక్షణకై నేర్చిన విద్యయే వారి దాస్యమునకు సాధనమయ్యెను. ఇంతకన్న దుఃఖకరమైన సంగతి ఈ కథలో మరొకటి లేదు.

ఐరోపాలో ఈ పడవ తోలును విడిచి గుడ్డను తొడుగుకొనెను. 1905లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిఖ్ అను జర్మను విద్యార్థి మడిచి సంచులలో పెట్టుకొనదగిన గుడ్డపడవను చేసి ఈజారు నదిమీద నడపెను. 1907లో దాని హక్కును కొనిన యోహాన్ క్లెప్పరు ఎవరనుకొన్నారు? రోజెన్‌హైము పట్టణపు దర్జీ! 1956లో హాన్నెస్ లిండెమన్ అను వైద్యుడు అట్టి పడవలోనే ఒంటరిగ 72 దినములలో అట్లాంటికు మహాసముద్రమును దాటెను.

గ్రీన్లాండులోను గుడ్డ ప్రవేశించినది. నేడు చేతితో చేయువారు నైలాను గుడ్డను చట్రముపై అడ్డముగ దారములతో ఈడ్చి, మిగిలినది కత్తిరించి, ముక్కునుండి తోకవరకు వీపుమీద ఒకే కుట్టు వేయుదురు. పైన రంగుగాని జిగురుపూతగాని పూయుదురు. పూత నీటిని ఆపును గనుక సూది గుడ్డను దాటినను భయములేదు. 1980ల దశకమున గ్రీన్లాండు యువకులు పాతపడవల విద్యను నిలుపుటకై సంఘములు స్థాపించుకొనిరి. ఏటేట పోటీలు జరుపుకొనుచున్నారు. ఆ పోటీలలో పడవను తలక్రిందులు చేసి తిరిగి లేచు విధములే పెక్కు కలవు.