బ్యాంక్‌సైడ్: విద్యుత్ కేంద్రం చిత్రశాలగా మారిన వైనం

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు ఎదురుగా ఉన్న పేట బ్యాంక్‌సైడ్. అక్కడ 1891 నుంచే బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉండేది. దాని పొగ, మసి ఇరుగుపొరుగుకు నిత్యం బెడదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ చోట మళ్లీ విద్యుత్ కేంద్రం వద్దే వద్దన్న వాదన గట్టిగా వినిపించింది. అయితే 1947 చలికాలంలో బొగ్గు కొరత, కరెంటు కోతలు బ్రిటన్‌ను అతలాకుతలం చేశాయి. దాంతో అభ్యంతరాలు పక్కకు పోయి, కొత్త కేంద్రానికి అదే ఏడు అనుమతి దొరికింది. కాకపోతే అందులో బొగ్గుకు బదులు చమురు మండించాలని నిర్ణయించారు.

భవన రూపకర్త సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్. బ్రిటన్ వీధుల్లోని ఎర్ర టెలిఫోన్ పెట్టెకు రూపం ఇచ్చిందీ ఆయనే. ఉక్కు చట్రం నిలబెట్టి, దాని చుట్టూ 42 లక్షల ఇటుకలతో గోడ కట్టారు. పొగగొట్టం ఎత్తు 99 మీటర్లు. కెథడ్రల్ గుమ్మటాన్ని మించకూడదని దాన్ని అంతటితో ఆపారు. లోపల మూడు భాగాలు ఉండేవి. నది వైపు బాయిలర్లు, నడుమ టర్బైన్ హాలు, దక్షిణాన స్విచ్ హౌస్. మొదటి సగం 1952లో పని మొదలుపెట్టింది, మొత్తం పూర్తయ్యేసరికి 1963 వచ్చింది.

ఆ తరం ఆవిరి కేంద్రాల్లో మండించిన ఇంధనంలో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే కరెంటుగా మారేది. తక్కిన వేడి పొగగొట్టం పాలో నది పాలో అయ్యేది. ఆవిరిని చల్లార్చేదీ, పొగలోని గంధకాన్ని కడిగేదీ థేమ్స్ నీరే. ఆ నీళ్లు మళ్లీ నదిలోకే చేరేవి. 1973 తర్వాత చమురు ధరలు మండిపోవడంతో కేంద్రం గిట్టుబాటు కాలేదు. 1981లో మూసేశారు. అనుమతి వచ్చాక పూర్తవడానికి 16 ఏళ్లు పట్టిన కేంద్రం, పూర్తయ్యాక నడిచింది 18 ఏళ్లే.

అయితే స్విచ్ హౌస్‌కు మాత్రం తాళం పడలేదు. నగరానికి కరెంటు పంచే సబ్‌స్టేషన్‌గా అది పనిచేస్తూనే ఉంది. తర్వాతి కథలో అసలు మలుపు దాని నుంచే వచ్చింది.

పదేళ్లకు పైగా ఖాళీగా పడి ఉన్న భవనాన్ని కూల్చేస్తారన్న భయం ఉన్న రోజుల్లో, 1994లో, చిత్రశాలలు నడిపే టేట్ సంస్థ తన ఆధునిక చిత్రశాలకు దాన్ని ఎంచుకుంది. రూపకల్పన పోటీలో గెలిచినవారు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన వాస్తుశిల్పులు జాక్ హెర్జోగ్, పియర్ ద మ్యూరాన్. పాతదాన్ని వీలైనంత వరకు ఉన్నది ఉన్నట్టు ఉంచడమే వాళ్ల పథకం. యంత్రాలు తీసేశాక మిగిలిన టర్బైన్ హాలును, 35 మీటర్ల ఎత్తు, 152 మీటర్ల పొడవు ఉన్న ఆ ఖాళీని, ఖాళీగానే వదిలారు. బాయిలర్ల చోట ప్రదర్శన గదులు కట్టారు, పైకప్పు మీద రెండంతస్తుల గాజు కట్టడం లేపారు. టేట్ మోడరన్ 2000 మే నెలలో తెరుచుకుంది. అప్పట్లో కర్బన లెక్కలు ఎవరూ పెద్దగా అడగలేదు. ఖర్చు, పాత కట్టడం మీద మక్కువ, ఈ రెండే చర్చకు వచ్చాయి. నిజానికి పెద్ద ఆదా పాతదాన్ని కూల్చకుండా ఉంచడంలోనే జరిగింది. 42 లక్షల ఇటుకలు కాల్చడానికి, ఆ ఉక్కు కరిగించడానికి కావలసిన ఇంధనం అర్ధ శతాబ్దం కిందటే ఖర్చయిపోయింది. కూల్చి కొత్తది కట్టి ఉంటే ఆ ఖర్చు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి.

ఏడాదికి 20 లక్షల మంది వస్తారనుకుంటే మొదటి ఏడే 50 లక్షలు దాటారు. చోటు చాలలేదు. సబ్‌స్టేషన్ యంత్రాలను ఆధునికీకరించి ఒక పక్కకు సర్దడంతో కొంత స్థలం దొరికింది. భూమిలోని గుండ్రటి చమురు ట్యాంకులు 2012లో ప్రదర్శనశాలలయ్యాయి. వాటి మీద లేచిన పదంతస్తుల మేడ 2016 జూన్‌లో తెరుచుకుంది. దాని ఎత్తు 64.5 మీటర్లు.

ఈ మేడకు కావలసిన వేడిలో చాలా భాగం సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మంచిదైనా దాని గుండా పోయే కరెంటులో కొంత వేడిగా మారక తప్పదు. ఆ వేడిని చుట్టూ ఉన్న నూనె పీల్చుకుంటుంది. మామూలుగా అయితే ఆ నూనెను చల్లార్చి, వేడిని గాలిలోకి వదిలేస్తారు. ఇక్కడ దాన్ని నీటి గొట్టాల్లోకి మళ్లించి భవనానికి పంపుతారు. చలి ముదిరితే ఊళ్లో కరెంటు వాడకం పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకా వేడెక్కుతాయి. చిత్రశాలకు వెచ్చదనం కావలసిందీ సరిగ్గా అప్పుడే. ఇంత చక్కటి పొత్తు అన్ని పాత ఫ్యాక్టరీలకూ కుదరదు. ఎండాకాలంలో చల్లదనానికి నది పక్కన కంకర పొరల్లోంచి బోరు వేసి తోడిన నీరు పనికొస్తుంది.

బయటి గోడ 3,36,000 ఇటుకల జాలీ. పాత భవనం ఇటుకతో రంగు కలవడం ఒక ఎత్తయితే, లోపలి కిటికీల మీద ఎండ నేరుగా పడకుండా కాయడం మరో ఎత్తు. దళసరి కాంక్రీటు పగటి వేడిని పీల్చుకుని, గదుల్లో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది. వీలైన గదులకు ఫ్యాన్ల అవసరం లేకుండా బయటి గాలి ఆడేలా ఏర్పాటు చేశారు. సౌర పలకలూ ఉన్నాయి. అప్పటి భవన నిబంధనలు కోరిన దానికన్నా ఇంధనం 54 శాతం, కర్బన ఉద్గారాలు 44 శాతం తగ్గించాలన్నది లక్ష్యం.

ఈ అంకెలను కొంచెం ఆచితూచి చదవాలి. అవి నిబంధనతో పోల్చి చెప్పినవి, మీటరు చూసి రాసినవి కావు. మేడకు పోసిన కొత్త కాంక్రీటు వాటిలో చేరదు. పైగా చిత్రాలు పాడవకుండా ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ రాత్రింబవళ్లు అదుపులో ఉంచాల్సిన చిత్రశాలకు ఇంధనం ఎక్కువే కావాలి.