తుపాకీ గొట్టాల తరంగం

భిలాయ్ రైల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాక దగ్గర్లోని ఉతైలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. మిల్లులో పట్టాలు కోయగా మిగిలిన తుండ్లను సుత్తితో కొడితే పొట్టివి సన్నగా, పొడుగువి బొంగురుగా మోగేవి. అందుకే మైహర్ బ్యాండు కథ విన్నప్పుడు సులువుగానే నమ్మాను.

మైహర్ ఇప్పటి మధ్యప్రదేశ్‌లో ఉంది. 1918 నాటి విషజ్వరాలు ఊళ్లను ఊడ్చేశాక, ఆస్థాన విద్వాంసుడు అల్లాఉద్దీన్ ఖాన్ దిక్కులేని పిల్లల్ని చేరదీసి వాద్యబృందంగా తీర్చిదిద్దారు. తుపాకీ గొట్టాలను రకరకాల పొడవుల్లో కోయించి నల్‌తరంగ్ అనే వాద్యం చేయించారు.

ఇనుప గొట్టం మీద స్వరం జారదు, ఊగదు. రాగమేమో జారుడులోనే ఉంటుంది. అలాంటప్పుడు దెబ్బకు పలికే స్వరాలు గొట్టాలకిచ్చి, జారుడు సితార్‌కో వయొలిన్‌కో వదలాలి. బృందానికి సంగీతం కూర్చేవాడికి తొలి పాఠం ఇదే.

ఆ పాఠం ఢిల్లీకీ చేరింది. 1952లో ఆకాశవాణి వాద్యబృందం పెట్టినప్పుడు దాన్ని నడిపినవాళ్లలో ఒకరు అల్లాఉద్దీన్ శిష్యుడు రవిశంకర్, మరొకరు దక్షిణాది విద్వాంసుడు టి.కె. జయరామ అయ్యర్. తర్వాత ఆ బాధ్యత మన ఈమని శంకరశాస్త్రిగారికి వచ్చింది. ద్రాక్షారామంలో పుట్టి, మద్రాసు జెమినీ స్టూడియోలో సినిమా వాద్యబృందాల పని చూసిన వైణికుడు. జారుడుతో వచ్చే ఈ చిక్కు కర్ణాటక బాణీలో ఇంకా గట్టిది. తోడి రాగంలో గాంధారాన్ని పదిమంది ఒకేసారి ఊపితే పది ఊపులు వినిపిస్తాయి.

యూరప్‌లో ఆ బాధ తక్కువ. 1935లో స్వరకర్త వెబెర్న్, తనకు ముందుతరాల బాహ్ రాసిన రిచెర్కార్ అనే రచనను ఆర్కెస్ట్రాకు మార్చి, ఒకే వరుసను రెండేసి మూడేసి స్వరాలుగా తుంచి వాద్యం నుంచి వాద్యానికి అందించాడు. అక్కడ స్వరం నిలకడగా ఉంటుంది కనక చెల్లింది. మన సంగతిని అలా తుంచితే గమకం మధ్యలో విరుగుతుంది.

తుంచకుండా కలిపే దారీ ఉంది. 1986లో ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ను త్యాగరాజుకూ బాహ్‌కూ అంకితమిచ్చారు. ఒక రచనలో బాహ్ మూడో వయొలిన్ పార్టీటా ప్రిల్యూడ్‌కు తన స్వరాలు జతచేశారు. బాహ్‌ను బాహ్‌గానే పరిగెత్తనిచ్చి, మనదాన్ని మనలాగే ఊగనిచ్చారు. ఒకదాన్ని నరికి మరొకదానిలో ఇరికించలేదు.

త్యాగరాజ ఆరాధనకు మా తెలుగు సంఘం పిల్లలు కీబోర్డులతో పంచరత్నాలకు సిద్ధమవుతుంటే నేను చెప్పేదొకటే: ఊగే స్వరం వయొలిన్ అమ్మాయికి వదలండి, నిలిచే స్వరాలు మీరు పట్టుకోండి. సగంమంది వింటారు. మిగతా సగం, “అంకుల్, వాల్యూమ్ పెంచితే సరిపోదా?” అంటారు. సరిపోదు.